విలోమ తరగతి – పల్నాటి వీరగాథా బోధన: చారిత్రక పరిశీలన

పాఠాన్ని బడిలో విని, అభ్యాసాన్ని ఇంటివద్ద చేయడం ఆధునిక పాఠశాలకు అలవాటైన క్రమం. పాఠ్యాంశాన్ని ముందుగానే ఇంటివద్ద చూసి లేదా విని వచ్చి, తరగతి సమయాన్ని చర్చకూ అభ్యాసానికీ వినియోగించడం ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ పద్ధతి. దీనిని విలోమ తరగతి అనవచ్చు. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు తరగతికి రాలేకపోయిన విద్యార్థుల కోసం పాఠాలను వీడియోలుగా రూపొందించారు. ఈ పద్ధతి ప్రచారానికి ఆ ప్రయత్నమే నాంది.

బడి సమయాన్ని దేనికి వెచ్చించాలన్న ప్రశ్న తెలుగునాట పాతదే. వీధిబడుల పిల్లలు పద్యాలను కంఠస్థం చేస్తున్నా వాటి అర్థం వారికి తెలియడం లేదని 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ తన నివేదికలో ఆక్షేపించాడు. బడి సమయం వల్లెవేతకే సరిపోగా వ్యాఖ్యానానికి చోటు మిగలలేదన్నమాట. ఆనాటి లెక్కల ప్రకారం గుంటూరు జిల్లాలో 574 బడులు, 7,724 మంది విద్యార్థులు ఉన్నారు. వారిలో బాలికలు 102 మంది మాత్రమే.

పల్నాడులో ఈ ప్రశ్నకు మరొక పార్శ్వం ఉంది. శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించిన ‘పల్నాటి వీరచరిత్ర’ ద్విపద కావ్యం. అదే కథను కారెంపూడిలో కార్తీకమాసపు వీరారాధన ఉత్సవాలలో వీరవిద్యావంతులు గానం చేస్తారు. రాయబారం, మందపోరు, కోడిపోరు వంటి ఘట్టాలు ఉత్సవ దినాలకే పేర్లయ్యాయి. ఆ గానం విని పెరిగిన పిల్లలకు కథ తరగతికి ముందే పరిచితం. కావున ఉపాధ్యాయుడు కథాసంగ్రహంతో కాలం గడపనక్కరలేదు. గానంలోని నాగమ్మకూ ద్విపదలోని నాగమ్మకూ గల భేదమేమిటి, బ్రహ్మనాయుని చిత్రణలో ఏది నిలిచింది, ఏది మారింది అన్న విచారణతోనే పాఠం ఆరంభించవచ్చు. ఏ యంత్రమూ అవసరంలేని విలోమ తరగతి ఇది.

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలతో కూడిన ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. దీనితో పాఠం ఇంటికి చేరే సాధనం సమకూరింది. అయితే సాధనం ఉన్నంత మాత్రాన తీరిక ఉన్నట్లు కాదు. పత్తితీత, మిరపకోతల కాలంలో పొలానికి వెళ్లే పిల్లలకూ, ఇంటిపనిలో తోడుండే బాలికలకూ సాయంకాలం తమది కాదు. ఇంటివద్ద వినలేకపోయినవారికి బడిలోనే వినే వేళ కల్పించనిదే ఈ పద్ధతి పాత అసమానతను కొత్త రూపంలో కొనసాగిస్తుంది.

నాడు పద్యాన్ని అర్థం తెలియక వల్లించినట్లే, నేడు వీడియోను కూడా అర్థం తెలియక వల్లించే ప్రమాదం ఉంది. విలోమ తరగతి సాఫల్యానికి గీటురాయి ఇంటివద్ద చూసిన పాఠాల సంఖ్య కాదు. తరగతిలో వ్యాఖ్యానానికి దక్కిన సమయం, అందులో పాల్గొనగలిగిన పిల్లల సంఖ్య.