ఆనపబుర్రలో గింజలు

నియమగిరి మీంచి డొంగ్రియా కోదులు బుట్టల్లో దించే అనాసపండును మనం కొండపండు అనుకుంటాం. అది దక్షిణ అమెరికాది. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన తీరానికి వచ్చింది, పేరూ వాళ్ల నోటి నుంచే వచ్చింది. మిరప, జామ, బొప్పాయి, టమాటా అన్నీ ఇంచుమించు ఆ కాలంలో సముద్రం దాటి వచ్చినవే. ఉత్తరాంధ్ర వాళ్లయితే టమాటాకు రామ్ములక్కాయ అని పేరు పెట్టి, ఏకంగా రాముడి ఖాతాలో వేసేశారు. అందుకే పెరటి తోట చరిత్రను ‘మన పూర్వీకుల స్వచ్ఛమైన సేద్యం’ అంటూ ఎత్తుకునే వాళ్లతో నాకు పేచీ. పెరడు ఏ మొక్కనూ గుమ్మం బయట నిలబెట్టలేదు. మొక్క ఎక్కడ పుట్టిందో కన్నా, దాని గింజ మరుసటేడు ఎవరింట్లో ఉందో చూసుకుంటూ వస్తే ఈ చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ నియమగిరికి ఆనుకుని ఉన్న కల్యాణసింగ్‌పూర్ ఇవాళ ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక బ్లాకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లా కింద, జయపురం జమీందారీలో ఉండేది. ఆ తర్వాత కోరాపుట్‌లో కలిసింది. 1992 అక్టోబర్ 2న కోరాపుట్ నుంచి రాయగడ విడిపోయింది. పైన కొండల మీద కువి మాట్లాడతారు. అదీ తెలుగులాగే ద్రావిడ కుటుంబానికి చెందిన భాషే. కింద నాగావళి వెంట ఒడియా, తెలుగు కలగలిసి వినిపిస్తాయి.

ఇక్కడి తోటల గురించి పాత కాగితాలు చెప్పేది తక్కువ. ఉన్న కాస్తలో ఎక్కువ భాగం నెత్తురు కథ. 1830లలో గుంసూరు, కోదు కొండల్లోకి వెళ్లిన ఆంగ్లేయ అధికారులు మెరియా నరబలుల గురించి పేజీలకు పేజీలు రాశారు. నెత్తురు పడకపోతే పసుపుకొమ్ముకు ఆ ముదురు రంగు రాదని కోదులు నమ్ముతారన్న సంగతి వాళ్ల రాతల నుంచే పుస్తకాలకెక్కి, మళ్లీ మళ్లీ అచ్చయింది. బలులు ఆపించడం మంచి పనే. కానీ ఆ పసుపును ఏ చెట్టు నీడన నాటారు, పైన ఎంత ఆకు కప్పారు, నాటడానికి ఏ కొమ్ములు ఏరి దాచారు అన్న ముచ్చట ఆ దొరల కంట పడలేదు. నిజానికి పసుపు పండించే విద్యంతా అక్కడే ఉంది.

ఆ విద్య కొండవాలులోనే కనబడుతుంది. పనస, మామిడి నీడన అనాస, అల్లం, పసుపు. పోడులో చోళ్లు, సామ, కొర్ర, కంది, అలసంద, ఆముదం కలిపి చల్లుతారు. ఒకటి పోయినా మరొకటి చేతికొస్తుంది, నేల మీద ఎప్పుడూ ఏదో ఒక కప్పు ఉంటుంది. పప్పుజాతి పంట చిరుధాన్యం పక్కనే ఉండి నేలకు నత్రజని అందిస్తుంది. మన ఊళ్లలో పెరడంటే ఇంటి వెనక స్థలం. అక్కడ కొండే పెరడు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు పెట్టిన 12 గ్రామసభలూ నియమగిరి మీద బాక్సైట్ తవ్వకాన్ని వద్దన్నాయంటే, కొండదేవుడు నియమరాజు మీది భక్తితో పాటు ఈ పెరటి లెక్క కూడా అందులో ఉందని నేననుకుంటాను.

శాస్త్రవేత్తల చూపు ముందుగా వరి మీద పడింది. 1955–59 మధ్య కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ తరఫున జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా వరి నమూనాలు సేకరించారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వారసత్వాల జాబితాలో చేర్చింది. విత్తనాలు కాపాడిన కోరాపుట్ ఆదివాసీ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది.

కింది ఊళ్ల పెరటిది మరో పద్ధతి. ఇంటి వెనక పెంటకుప్ప, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట అరటి, వంటింటి పక్కన ఆనపపాదు, చిక్కుడు పందిరి. పేను పట్టిన చిక్కుడు మీద తెల్లవారుజామున మంచు ఆరకముందే పొయ్యి బూడిద చల్లేవారు. తడి మీద బూడిద అంటుకుని పేను ఊపిరి ఆడక చస్తుంది. ముదిరిన ఆనపకాయను పాదు మీదే ఎండనిచ్చి, బుర్ర చేసి, అందులో బూడిద కలిపిన గింజలు పోసి పొయ్యి పైన వేలాడదీసేవారు. పొగకు పురుగు చేరదు. దీన్నెవరూ సేంద్రియం అనలేదు. ఎదురుగా ఇంకోటి వస్తే కదా దీనికో పేరు కావలసింది!

ఆ పేరు పెట్టుకునే దారి చాలా చుట్టు తిరిగింది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ పేడ, చెత్త, మట్టి పొరలుగా పేర్చి మగ్గబెట్టే పద్ధతిని యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకంగా తెచ్చాడు. పశ్చిమ దేశాల సేంద్రియ ఉద్యమానికి అది మూలగ్రంథాల్లో ఒకటైంది. మన పెంటకుప్ప ఇంగ్లండుకు వెళ్లి కంపోస్టుగా తిరిగొచ్చింది. సురపాలుడి వృక్షాయుర్వేదం కథా అంతే. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా, సికింద్రాబాద్‌లోని ఆసియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఆంగ్లానువాదంతో అచ్చువేసింది. మాంసం, ఎముకలు ఉడికించి పులియబెట్టే కుణపజలం అందులోదే. వాసన భరించగలిగితే మొక్కకు దివ్యమైన ఆహారం.

ఈలోగా ఎదురు రావలసింది రానే వచ్చింది. రాయపూర్ రైలుదారి 1931లో పూర్తయి రాయగడను విశాఖకు దగ్గర చేసింది. 1967లో విశాఖలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎరువు బస్తా చేసిన దానికన్నా పత్తి చేసిన మార్పే పెద్దది. ఈ శతాబ్దంలో రాయగడ వాలుల మీదికి బీటీ పత్తి, దాని వెంట కలుపుమందు పాకాయి. కలుపుమందుకు గట్టు మీది తోటకూరకూ గరికకూ తేడా తెలియదు. పత్తి గింజను మరుసటేడు మళ్లీ కొనాలి, కూరను సంతలో కొనాలి. ఖాళీ అయిన బుర్ర పొయ్యి మీదే వేలాడుతుంది.

ఇప్పుడు గాలి మళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ఊరూరా నడుపుతోంది. ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతం, ఘనజీవామృతం అనే మాటలు ఇవాళ అందరి నోటా వినిపిస్తున్నాయి. హైదరాబాదులో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోట వేసి, రాసి, చూపించి, వేలమందిని డాబా ఎక్కించారు. సంతోషమే. అయితే మన మిద్దె మీది లెక్క ఒకసారి చూడండి: కొబ్బరిపొట్టు ఇటుక కొన్నది, వర్మీకంపోస్టు కొన్నది, వేపనూనె కొన్నది, సంకర విత్తనాల పొట్లం కొన్నది. మందులు మానేశాం గానీ దుకాణం మానలేదు. ఎరువును గుర్తు తెచ్చుకున్నాం, గింజ సంగతి మాత్రం మరిచాం.

కల్యాణసింగ్‌పూర్ పొరుగునే బిసంకటక్ బ్లాకులో, కెరండిగుడ దగ్గర, దేబల్ దేబ్ అనే జీవశాస్త్రవేత్త ‘బసుధ’ అనే చిన్న పొలంలో వెయ్యికి పైగా దేశీ వరి రకాలను ఏటా నాటుతున్నారు. మడులు పక్కపక్కనే ఉన్నా పుప్పొడి కలవకుండా, పూతకాలం తేడాగా ఉన్న రకాలను ఇరుగుపొరుగుగా పెడతారు. అడిగిన రైతుకు విత్తనం ఉచితం. షరతు ఒకటే: పండించి, కొంత తిరిగి ఇవ్వాలి.