సెలవుపై స్వగ్రామము

భిలాయి చరిత్ర వ్రాయువారు సాధారణముగా 1955 ఫిబ్రవరి 2వ తేదీతో ఆరంభింతురు. ఆనాడు భారత, సోవియట్ ప్రభుత్వములు ఏటికి పదిలక్షల టన్నుల ఉక్కు తీయగల కర్మాగారమునకు ఒడంబడిక చేసికొనెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్టు కొలిమిని ప్రారంభించెను. దుర్గ్ జిల్లాలోని ఆ నేలకు నానారాష్ట్రముల జనము వచ్చిరి. వారిలో తెలుగువారు, విశేషించి ఉత్తరాంధ్రమువారు, గణనీయముగా నుండిరి. అయితే అచ్చటి తెలుగువారి కథను చెప్పవలసివచ్చినచో నేను మరి రెండు పుష్కరములు వెనుకకు పోయి 1931తో మొదలిడుదును. ఆ యేడు బెంగాల్ నాగపూర్ రైల్వేవారు పార్వతీపురమునుండి రాయపూరునకు మార్గము పూర్తిచేసిరి.

ఆ మార్గము వేసినది కాపురములకొరకు కాదు. మధ్యపరగణాల సరకును విశాఖపట్టణమున కట్టుచున్న రేవునకు చేర్చుటకు. రేవు 1933లో తెరచిరి. రాయగడ, తిత్లాగఢ్ మీదుగా కొండలు దాటు ఆ దారియే ముప్పదేండ్ల తరువాత చావులకు, పెండ్లిండ్లకు, పొలముల పంపకములకు ఇంటికి పోవు ఉక్కుపనివారి దారియైనది.

వలసపోయిన తెలుగువాడనగానే మనకు రంగూను జ్ఞాపకమునకు వచ్చును. కాకినాడలో ఓడ యెక్కినవానికి ఉత్తరము చేరి, తిరుగు ఓడ దొరకునప్పటికి ఇంట తల్లి పెద్దకర్మ ముగిసిపోయెడిది. ఊరివారు అతనిని తప్పుపట్టలేదు; నడుమ సముద్రమున్నది కదా! భిలాయివానికి ఆ సాకు లేదు. ఒక రాత్రియు ఒక పగలును రైలులో గడపినచో చేరగలవాడు రాకపోయెనేని పదిమందియు ఏమందురో చెప్పనక్కరలేదు.

ఇటు ఇల్లు రమ్మనుచుండగా అటు చట్టము ముందుగా చెప్పుమనెడిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము ఏడాదిలో 240 దినములు పనిచేసినవానికి ఇరువది పనిదినముల కొకటి చొప్పున జీతముతో సెలవు లభించెడిది. దరఖాస్తు పదునైదు దినములు ముందుగా పెట్టవలసియుండెను. ఏడాదిలో మూడు విడతలకు మించి తీసికొన వీలులేకుండెను. పనివాడు తానే జబ్బుపడినచో గడువు పట్టింపు లేకుండెను. తండ్రి మరణమునకు పదునైదు దినములు ముందుగా దరఖాస్తు ఎవడు పెట్టగలడు? తంతి వచ్చినపుడు ఆకస్మికపు సెలవో, పై యధికారి దయయో ఆదుకొనవలసియుండెను. కొలిమియా, పండుగకును ఆరదు, మైలకును ఆరదు. మూడు షిఫ్టులును నడువవలసినదే. ఒకడు కదలినచో మరియొకడు అతని చోట నిలువవలెను. అట్లు నిలిచినవాడు తెలుగువాడే కానక్కరలేదు. శ్రీకాకుళమున ఒక కొడుకు సకాలమున కర్మ చేయగలిగిన దనిన, దాని వెనుక భిలాయిలో ఏ ఛత్తీస్‌గఢీవాడో, ఏ వంగీయుడో రెండు షిఫ్టులు వరుసగా చేసియుండును. మన చరిత్రకారులు ఈ ఋణమును లెక్కింపలేదు.

ఆస్తి విషయము వేరు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దూరమున నున్నవానికి వెసులుబాటు కల్పించెను. తాను నివసించు తావున రిజిస్ట్రారు ధ్రువపరచిన ముక్త్యారునామా పంపినచో చాలును. చట్టరీత్యా దుర్గ్‌లో కూర్చుండియే బొబ్బిలిలో పొలము పంచుకొనవచ్చును. కాని గట్టు ఎంత జరిగినదో ముక్త్యారునామా చూడజాలదు. అందుచేత మనుష్యుడే పోయెను. 1985 సెప్టెంబరు 5నుండి ఆంధ్రప్రదేశమున అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కలిగెను. 2005లో కేంద్రచట్టము వివాహితలకును ఆ హక్కు నిచ్చెను. అంతవరకు పురుటికో పెండ్లికో పుట్టింటికి పోయిన భిలాయి ఆడపడుచు ఇక సంతకమునకును పోవలసివచ్చెను. ఆ సంతకముల వలన సంబంధములు చెడిన యిండ్లును గలవు.

1956లో కేంద్రప్రభుత్వము తన ఉద్యోగులకు రెండేండ్ల కొకసారి స్వస్థలమునకు పోయివచ్చుటకు ప్రయాణపు రాయితీ నిచ్చినపుడు 'స్వస్థలము' అనునది కచేరీ కాగితములలో ఒక గడియైనది. ఆ గడిలో పార్వతీపురము వ్రాసినవాని అవస్థ చూడుడు. అతని ఊరు 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికి, 1979లో విజయనగరము జిల్లాలోనికి, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలోనికి పోయెను. 2000 నవంబరు 1న అతని ఉద్యోగస్థలము సైతము మధ్యప్రదేశమును వీడి ఛత్తీస్‌గఢ్‌లో చేరెను. ఇటును అటును పేర్లు మారుచుండగా మారక నిలిచినది నడుమనున్న రైలుదారి యొక్కటే.

తంతి 2013 జులైతో నిలిచిపోయెను. 2024 సెప్టెంబరునుండి దుర్గ్, విశాఖపట్టణముల నడుమ వందే భారత్ రైలు నడుచుచున్నది. ఇప్పుడు వార్త క్షణములో చేరును, మనుష్యుడు ఒక పగటిలో చేరును. కాని పోవలసిన దిక్కే కొన్ని యిండ్లలో మారినది. పింఛను పుచ్చుకొని భిలాయిలోనే నిలిచిపోయిన వృద్ధులు గలరు. సెక్టారు 5లో ఆంధ్ర సాహిత్య సమితివారి బాలాజీ ఆలయము వారికి ఊరిగుడి వంటిది. వారి బిడ్డలు హైదరాబాదులోను, అమెరికాలోను ఉన్నారు. ఆ బిడ్డలు సెలవు పెట్టి కర్మకు వచ్చునది భిలాయికే.