బిళ్ళగన్నేరు, తెల్లకణాలు, కుక్కల రాచపుండు

కొత్తగూడెంలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల ముందైనా, బడి ఆవరణలోనైనా బిళ్ళగన్నేరు కనిపించని చోటు అరుదు. నీరు పోసినా పోయకపోయినా బ్రతుకుతుంది. మేకలు దాని ఆకు ముట్టవు. ఆకులో చేదైన ఆల్కలాయిడులు ఉన్నవి. వీధికుక్కలలో తరచు కనిపించే ఒక రాచపుండుకు నేడు పశువైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందు విన్‌క్రిస్టిన్. అది ఆ ఆల్కలాయిడులలో ఒకటి. ఈ మందుకు దుష్ఫలితాలు ఉన్నవి. అయితే, ఈ జాతి మందులు అసలు బయటపడినదే ఒక దుష్ఫలితం వలన.

1952లో కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యునికి జమైకాలో ఉన్న ఒక రోగి వద్ద నుండి కొన్ని బిళ్ళగన్నేరు ఆకులు వచ్చినవి. అక్కడివారు మధుమేహానికి ఆ ఆకు కషాయం త్రాగేవారు. (ఈ నమ్మకం మన పల్లెలకు కూడా కొత్తది కాదు.) ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తన సోదరుడు రాబర్ట్ నోబుల్‌కు అందజేసినాడు. కషాయం త్రాగించిన ఎలుకల రక్తంలో చక్కెర చెప్పుకోదగినంత తగ్గలేదు. సూదితో ఎక్కించినప్పుడు మాత్రం ఎలుకలు వారం దినాలలో ఒళ్ళంతా చీముగడ్డలు లేచి చచ్చిపోయినవి. మరొకరైతే ప్రయోగం విఫలమైనదని ఆకులు పారవేసి ఉండేవారేమో! నోబుల్ వాటి రక్తాన్ని పరీక్షించినాడు. తెల్లకణాలు బాగా పడిపోయినవి. వాటిని తయారుచేసే ఎముకల మూలుగ క్షీణించినది. కాపలా లేని ఇంట్లో దొంగలు పడినట్లు సూక్ష్మజీవులు చెలరేగినవన్న మాట. తెల్లకణాలను ఇంతగా తగ్గించే పదార్థం, అవి మితిమీరి పెరిగే ల్యుకీమియాకు మందు కాకూడదా? రసాయన శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ బీర్ ఆకు సారం నుండి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసినాడు. 1958లో వారు ఆ సంగతి ప్రకటించినారు. అమెరికాలో ఎలీ లిల్లీ సంస్థవారు అదే మొక్క నుండి విన్‌క్రిస్టిన్‌ను తీసినారు. 1963లో అక్కడ దానికి అనుమతి లభించినది. గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను ఇరుప్రక్కలకు లాగే సన్నని దారాలు ఏర్పడతవి. విన్‌క్రిస్టిన్ ఆ దారాలను అల్లుకోనివ్వదు. కణం విభజన మధ్యలోనే ఆగి చస్తుంది. పుండులోని కణమా, మూలుగలోని కణమా అన్న విచక్షణ మందుకు లేదు. త్వరగా విభజన చెందేది ఏదైనా దానికి గురి. మందు చేసే మేలుకూ కీడుకూ మూలం ఒక్కటే.

ఈ సంగతి అంతకు ముందే తెలుగువాడు ఒకరి మందుతో రుజువైనది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినాప్టెరిన్‌ను తయారుచేసినది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకీమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి కొంతకాలం వ్యాధి తగ్గినది. 1948లో ఈ ఫలితం వెలువడినది. సుబ్బారావుగారు మరణించినది కూడా ఆ సంవత్సరమే. ఆ పిల్లలలో కొందరికి నోరు పూసినది. నోటి పొర కూడా త్వరత్వరగా పెరిగేదే కదా!

ఇక కుక్కల సంగతి. వీధికుక్కల జననాంగాల మీద కాలీఫ్లవరు వలె ఎర్రగా పెరిగి నెత్తురు కారే పుండు ఒకటి ఉన్నది. సంభోగ సమయంలో పుండు కణాలే ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుకుని అక్కడ నాటుకుంటవి. 1876లో రష్యాలో నోవిన్‌స్కీ ఈ పుండు ముక్కలను ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటు కట్టి పెంచి చూపినాడు. వేల సంవత్సరాల క్రిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాల సంతతే నేటికీ లోకమంతా తిరుగుతున్నదని జన్యు పరీక్షలు తేల్చినవి.

దీనికి విన్‌క్రిస్టిన్ వారానికొకసారి సిరలోకి ఎక్కిస్తారు. 15 కిలోల కుక్కకు సుమారు 0.375 మిల్లీగ్రాము చాలు. నాలుగు నుండి ఆరు సూదులతో చాల కుక్కలకు నయమవుతుంది. ప్రతి సూదికి ముందు రక్తపరీక్ష కావాలి. ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు 4,000 కంటే తగ్గితే కొద్ది రోజులు ఆగుతారు. నోబుల్ ఎలుకలు చచ్చిన దారి అదే కదా! కొన్ని కుక్కలు ఒకటి రెండు రోజులు మేత ముట్టవు, వాంతి చేసుకుంటవి. మందు సిర దాటి కారితే అక్కడి కండ కుళ్ళుతుంది. మంటగా ఉన్నదని కుక్క చెప్పలేదు కాబట్టి సూది వేసేవారి చెయ్యి కదలకూడదు. జుట్టు రాలుతుందని యజమానులు భయపడతారు గాని, చాల కుక్కలలో వెంట్రుక కొంత పెరిగి ఆగేది కనుక అంతగా రాలదు. మనిషి జుట్టు వలె ఎడతెగక పెరిగే పూడిల్ వంటి జాతులకే ఆ బాధ ఎక్కువ. చిక్కు మరొకచోట ఉన్నది. రెండు సూదులకే పుండు సగం కరిగితే కుక్కను మళ్ళీ పట్టి తెచ్చేవారుండరు. మిగిలిన కణాలు తిరిగి పెరుగుతవి.

కొన్ని కోలీ జాతి కుక్కలకు మామూలు మోతాదే ప్రాణాంతకం కావచ్చును. కణాలలో నుండి మందును బయటకు తోడివేసే ఒక ప్రోటీను ఉన్నది. దానిని తయారుచేసే జన్యువులో నాలుగు అక్షరాల లోపం ఉన్న కోలీలు ఉన్నట్లు 2001లో తెలిసినది. తోడే పని జరగక మందు లోపలనే నిలిచిపోతుంది. ఇప్పుడు బుగ్గ లోపల బ్రష్షుతో రుద్ది తీసిన కణాలతోనే, సూది వేయకముందే ఈ లోపాన్ని పట్టవచ్చును.