డోనర్ కనుమలో బండియు గొలుసును

బండిని మెట్ట నెక్కించుట కష్టమనియు, దించుట సులభమనియు బండి తోలనివారు తలఁతురు. తోలినవారి యనుభవము వేఱు. ఎక్కునపుడు ఎద్దులు డస్సినచో చక్రమునకు రాయి యడ్డుపెట్టి నిలుపవచ్చును. దిగునపుడో, బరువే తోలరియై పశువులను వెనుకనుండి త్రోయును. దారిలో మంచు పేరుకొని యున్నచో నీ కష్టము పదిరెట్లగును. ఆ బరువును పట్టి నిలుపుటకు మానవుఁడు పడిన పాటులకు అమెరికా దేశమందలి యొక కనుమ చక్కని సాక్ష్యము. దాని చరిత్రమును నేఁడు మీకు మనవి చేసెదను.

కాలిఫోర్నియా రాష్ట్రమునకు తూర్పుదిక్కున సియెర్రా నెవాడా యను పర్వతపంక్తి గలదు. స్పానిష్ భాషలో దానికి మంచుకొండలని యర్థము. మన హిమాలయ శబ్దమునకు చాల దగ్గఱ. ఆ పంక్తిలో ఇంచుమించు 7,000 అడుగుల యెత్తున డోనర్ కనుమ యున్నది. అచ్చట సగటున ఏఁటికి 30 అడుగుల మంచు కురియును, అనఁగా నైదాఱు నిలువుల మంచు. మన జిల్లాలనుండి వెడలి కాలిఫోర్నియాలో కాపురమున్న తెలుఁగు కుటుంబము లనేకములు శీతకాలమున మంచు చూచు వేడుకతో నీ త్రోవనే పోవుచుండును గనుక, ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

1844వ సంవత్సరమున ఎలైషా స్టీఫెన్సు నాయకత్వమున సుమారు 50 మంది, 11 గూడుబండ్లతో పడమటి సీమకు వలస బయలుదేరిరి. వారిలో పసిపిల్లలును గలరు. ఆ దేశపు మూలవాసుల పెద్ద యొకఁడు నదివెంబడి దారి చూపెను. నవంబరు నెలలో వారు కనుమ క్రిందనున్న సరస్సును చేరునప్పటికే మంచు రెండడుగులు పడియుండెను. ఆఱు బండ్లను సరస్సుకడనే విడిచి, తక్కిన యైదింటిని పైకిఁ గొనిపోఁ బూనుకొనిరి. సామగ్రి నంతయు దింపి చేతులతో మోసిరి. సగము దూరము పోఁగానే సుమారు పదియడుగుల నిట్రపు బండ యడ్డముగా నిలిచెను. ఇఁక బండ్లను వదలుటయే గతి యనుకొనుచుండఁగా, మంచు క్రింద ఒక యిఱుకు సందు కనఁబడినది. కాడి విప్పి ఎద్దుల నొక్కొక్కదానిగా ఆ సందున నడపించి, పైన మరల కాడి కట్టిరి. గొలుసులను క్రిందికి జాఱవిడిచి బండినొగలకుఁ దగిలించిరి. పైనుండి ఎద్దులు లాగఁగా, క్రిందినుండి మనుష్యులు భుజములతో నెత్తఁగా, ఐదు బండ్లును బండ నెక్కినవి. ఎద్దుల బండ్లు ఆ పర్వతపంక్తిని దాఁటుట కదియే మొదలు.

విడిచిన బండ్లకు కాపుగా సరస్సుకడ ముగ్గురు నిలిచిరి. మంచు పెరుగఁగా వారును దాఁటఁబోయిరి గాని, వారిలో పదునేడేండ్ల మోజెస్ షాలెన్‌బర్గరు నడువలేక వెనుకకు మరలెను. ఆ బాలుఁడు ఒంటరిగా కుటీరములో నక్కలను బోనులఁ బట్టి తినుచు, బండిలోనున్న పుస్తకములను చదువుకొనుచు చలికాలము గడపెను. 1845 ఫిబ్రవరి చివరను వచ్చి వానిని కొనిపోయిరి. పుస్తకములు లేకున్న వాని మనస్సు నిలిచెడిది కాదని నా నమ్మకము; బడిపంతులు మాట గనుక మీరు కొంత తగ్గించుకొని వినవచ్చును.

ఎక్కిన బండ్లు దిగవలయును గదా! కనుమకు పడమటి వైపున బేర్ లోయలోనికి 1845 వసంతమున బండ్లను మోకులతో దించిరి. దిగుడు అంత నిలువు కానిచోట బండివాండ్రు వెనుక చక్రమును గొలుసుతో బంధించుచుండిరి. ఆ చక్రము తిరుగక, నేలను రాచుకొనుచు జాఱును. దాని క్రిందఁ జుట్టిన గొలుసు మంచును గీఱి పట్టుకొనును. కొందఱు చెట్టును నఱికి బండి వెనుక కట్టి యీడ్చుకొనుచు దిగెడివారు.

1846లో డోనర్ కుటుంబముతోఁ గూడిన వలసవారు ఆలస్యముగా వచ్చి ఇచ్చటనే మంచులోఁ జిక్కిరి. సుమారు 80 మందిలో దాదాపు సగము మంది మరణించిరి. ఆ దుఃఖమువలననే కనుమకు వారి పేరు వచ్చినది. 1868 నాఁటికి రైలుమార్గము కనుమను దాఁటెను.

మోటారు బండ్లు వచ్చినపిదప చిక్కు క్రొత్తరూపు దాల్చెను. గాలి నింపిన రబ్బరు టైరు మెత్తనిది. గట్టిపడిన మంచుమీఁద దానికి పట్టు చిక్కదు. బురదలోను మంచులోను టైర్లకు త్రాళ్లను జుట్టి నడపువారిని చూచి, న్యూయార్కు రాష్ట్రమునకుఁ జెందిన హ్యారీ వీడు గొలుసులతో నట్టి యల్లిక కల్పించెనని చెప్పుదురు. దానికి 1904లో పేటెంటు హక్కు పొందెను. టైరు రెండుప్రక్కల రెండు గొలుసులు, వానిని కలుపుచు నడుమ నడ్డగొలుసులు. చక్రము తిరుగుకొలఁది నొక్కొక్క యడ్డగొలుసు మంచును కొఱుకును. పనితనము సామాన్యము, ఫలము గొప్పది.

కారు వెనుక ట్రైలరు తగిలించినప్పుడే పాత బండివాని భయము మరల కలుగును. ముందు బండికి గొలుసులుండి, వెనుకదానికి పట్టు లేకున్న నేమగును? దిగుడులో ముందు బండి వేగము తగ్గించును. వెనుక బండి తగ్గింపదు. అది ముందుదానిని త్రోసి, ప్రక్కకుఁ దిరిగి, రెండింటిని త్రోవకు నడ్డముగా పడవేయును. అందుచేతనే కాలిఫోర్నియాలో గొలుసులు తప్పనిసరియని ప్రకటించినపుడు, ట్రైలరును లాగు వాహనమునకు ఇంజను త్రిప్పు ఇరుసుకు గొలుసులుండవలెను. ట్రైలరునకు బ్రేకులున్నచో దానికిని ఒక యిరుసుకైన గొలుసులుండవలెను. బ్రేకులు గల ట్రైలరునకే యేల యందురా? ఊరక దొర్లు చక్రము గొలుసున్నను బరువును వెనుకకుఁ బట్టదు. బ్రేకు చక్రము నాఁపఁబోయినపుడే గొలుసు మంచును పట్టును. 1844 నాఁటి బండివాఁడు చక్రమును బంధించిన యుపాయమే యిది. కాని చక్రము పూర్తిగా బిగిసినచో అదుపు తప్పును గనుక నేఁటివాఁడు దానిని మెల్లగాఁ దిరుగనిచ్చును.

ఇప్పటి పెద్దరస్తా పాత కనుమకు కొంచెము ఉత్తరముగాఁ బోవుచున్నది. గొలుసుల నిబంధన యున్నపుడు వేగము గంటకు 25 లేక 30 మైళ్లు మించరాదు. దిగుడు మొదలుకాకమునుపే తక్కువ గేరు వేసికొని, బ్రేకును మెల్లమెల్లగా నొక్కవలెను. గొలుసులను మెట్టమీఁద కాక, వెడల్పైన సమతలమునఁ బండి నిలిపి కట్టవలెను. కొంతదూరము పోయి మరల నిలిపి బిగింపవలెను, మొదటి బిగింపు సడలకుండ నుండదు. మంచు తీఱిన వట్టి రస్తా రాఁగానే విప్పివేయవలెను. లేనియెడల అవి తెగి, బండి యడుగుభాగమునే కొట్టును.