ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్: బస్తర్ కాకతీయ వంశపు చివరి పట్టాభిషిక్తుడు

1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు వశమైంది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అప్పుడు గోదావరి దాటి దండకారణ్యంలో కొత్త రాజ్యం నెలకొల్పాడని బస్తర్ సంప్రదాయం చెబుతుంది. దంతెవాడ దంతేశ్వరి ఆలయంలోని పద్దెనిమిదో శతాబ్దారంభపు శాసనం కూడా రాజవంశాన్ని కాకతీయులతోనే ముడిపెడుతుంది. ఈ వంశంలో పాలనాధికారం పొందిన చివరి మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్.

కాకతీయ వారసునికి ఒడిశా ఇంటిపేరు ఎలా వచ్చిందన్నది తెలుగువారికి సహజంగా కలిగే సందేహం. రాజా రుద్రప్రతాప్ దేవ్‌కు పుత్రసంతానం లేదు. 1921లో ఆయన మరణించగా కుమార్తె ప్రఫుల్ల కుమారీ దేవి సింహాసనానికి వచ్చారు. రుద్రమదేవి వంశంలో మరల ఒక స్త్రీ పట్టమేరడం విశేషమే. ఆమె భర్త ప్రఫుల్ల చంద్ర భంజ్‌దేవ్ మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడు. వారికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. 1936లో లండన్‌లో శస్త్రచికిత్స అనంతరం మహారాణి కన్నుమూయడంతో, 1929లో జన్మించిన ప్రవీర్ బాల్యంలోనే రాజయ్యారు.

యుక్తవయసు వచ్చి 1947లో పాలన చేపట్టిన కొద్ది నెలలకే, 1948 జనవరి 1న, సంస్థానం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో విలీనమైంది. రాజ్యం పోయినా ఆయన స్థానం పోలేదు. ఆదివాసుల దృష్టిలో మహారాజు దంతేశ్వరి ప్రధాన పూజారి. దసరా రథోత్సవం ఆయన లేనిదే సాగదు. ప్రభుత్వాధికారులకు ఏనాడూ పూర్తిగా అర్థంకానిది ఈ బంధమే.

1953లో ఆయన ఆస్తులను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తన అధీనంలోకి తీసుకుంది. 1957లో జగదల్‌పూర్ నుంచి శాసనసభకు ఎన్నికైనా, రెండేళ్లకే ఆ పదవిని వదులుకున్నారు. 1961 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయనను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేసి, రాజుగా గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయ్ చంద్రకు ఆ హోదా కట్టబెట్టింది. ఆదివాసులు దానిని అంగీకరించలేదు. మార్చి 31న లోహండీగూడలో గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో బస్తర్‌లోని అత్యధిక స్థానాలు ప్రవీర్ బలపరచిన అభ్యర్థులకే దక్కాయి. గుర్తింపు రద్దుకు ప్రజలిచ్చిన సమాధానమది.

ఆ తరువాత ధాన్యం లెవీకి వ్యతిరేకంగా ఆందోళనలు రేగాయి. వాటిలో ఆదివాసీ స్త్రీలు ముందు నిలిచారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రవీర్ హతులయ్యారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు. మృతులు ఆయనతో కలిపి 12 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంఖ్యను బస్తర్ ప్రజలు నేటికీ నమ్మరు. న్యాయమూర్తి కె.ఎల్. పాండే కమిషన్ ఈ ఘటనపై విచారణ జరిపింది. ప్రవీర్ రచించిన ఆంగ్ల గ్రంథం ‘ఐ ప్రవీర్ ది ఆదివాసీ గాడ్’ కూడా అదే ఏడాది వెలువడింది.

రాజు మరణించాడంటే చాలామంది విశ్వసించలేదు. 1971 ప్రాంతంలో బాబా బిహారీ దాస్ అనే సాధువు తానే ప్రవీర్‌నని ప్రకటించుకోగా వేలాదిమంది ఆయనను అనుసరించారు. మద్యమాంసాలు మానాలన్న ఆయన మాటకు ఊళ్లకు ఊళ్లే తలవంచాయి.

ప్రస్తుత రాజకుటుంబ పెద్ద కమల్ చంద్ర భంజ్‌దేవ్. బస్తర్ దసరాలో సంప్రదాయ విధులు నేడు ఆయనవే. 2013లో భారతీయ జనతా పార్టీలో చేరిన ఆయన, 2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం నిర్వహించిన కాకతీయ వైభవ సప్తాహానికి అతిథిగా వరంగల్ వచ్చారు.