అడవి మాటున ఆరాధనామందిరం

చర్చి అనగానే ఆకాశాన్నంటే శిఖరం, గంటల గోపురం మన కన్నులకు కట్టుతాయి. ఇంగ్లండులో డెవన్ సీమ తూర్పు కొసన, డాల్‌వుడ్ గ్రామ సమీపాన గల లఫ్‌వుడ్ బాప్తిస్టు మందిరానికి అవేవీ లేవు. కొండవాలులో ఒదిగిన రాతి గోడలు, పైన గడ్డి కప్పు. మన పల్లెల పూరిల్లే జ్ఞప్తికి వస్తుంది.

ఈ అణకువకు కారణం భయం. 1653 నాటికే కిల్మింగ్టన్ బాప్తిస్టులు ఇక్కడ కూడుకొనేవారు. రాజసమ్మతమైన సంఘానికి వెలుపల, ఇంటివారు కాక ఐదుగురికి మించి ఆరాధనకై గుమిగూడటం 1664 నాటి చట్టరీత్యా నేరం. మూడవమారు పట్టుబడితే దేశాంతరవాసం. ఆనాడు డాల్‌వుడ్ చుట్టూ డెవన్ ఆవరించిన డార్సెట్ తునక. అడవీ, ఆ సరిహద్దూ వారిని కాచాయి. 1689లో సహన చట్టం వచ్చాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

లోపలి కొయ్యపని పద్దెనిమిదవ శతాబ్దిది. పెట్టెలవంటి ఆసనాలు, ఎత్తైన ప్రసంగవేదిక, నేల పలకల క్రింద బాప్తిస్మపు తొట్టి. విశ్వాసం ఒప్పుకొన్న పెద్దలనే నీట ముంచే ఈ శాఖకు అదే ఆయువుపట్టు. వాయిద్యకారుల అటక క్రింది రెండు గదుల్లో చలిమంటల పొయ్యిలున్నాయి. ప్రార్థనాస్థలంలో పొయ్యి ఏమిటని మనకు తోచవచ్చు. ఆ దేశపు శీతకాలం ఎరిగినవారు అలా అడుగరు.

1814లో శ్రీరాంపురం నుండి తెలుగు వ్యాకరణం వెలువరించిన విలియం కేరీ ఈ బాప్తిస్టు శాఖవాడే. మందిరం 1969లో నేషనల్ ట్రస్టు సంరక్షణలోకి వచ్చింది.