జాతరకు వెళ్ళిన కణాలు

ఊపిరితిత్తి అనగానే ఒక తోలుసంచి మనసులో మెదులుతుంది. నిజానికి అది కోట్లాది గాలిగదుల సముదాయం. ఆ గదుల మధ్య ఉండే అతిపలుచని గోడలు వాచి, మందమై, మచ్చకట్టే వ్యాధులు రెండు వందలకు పైగా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి వైద్యులు ఇంటర్‌స్టిషియల్ వ్యాధులంటారు. వీటిలో చాలావాటికి పైకి కనిపించే లక్షణాలు అవే: పొడిదగ్గు, ఆయాసం. కారణాలు వేరు, చికిత్సలూ వేరు. ఏది ఏ వ్యాధో తేల్చడానికి కణాలను సాక్ష్యమడిగిన కథ ఇది.

సార్కాయిడోసిస్ అనే వ్యాధిలో రోగనిరోధక కణాలు ఊపిరితిత్తులలో చిన్న చిన్న ముద్దలు కడతాయి. ఈ రోగులలో చాలామందికి చర్మంపై చేసే ట్యుబర్క్యులిన్ పరీక్షలో స్పందన కనిపించేది కాదు. రక్తంలో టీ-లింఫోసైట్లు కూడా తక్కువగా ఉండేవి. దీనినిబట్టి వీరిలో రోగనిరోధక శక్తి సన్నగిల్లిందని చాలాకాలం భావించారు. చర్మాన్నీ రక్తాన్నీ చూసి ఊపిరితిత్తిని ఊహించుకోవడం తప్ప అప్పటికి వేరే దారి లేదు.

ఆ దారి 1960ల చివర తెరుచుకుంది. జపాను వైద్యుడు షిగెటో ఇకెడా వంగే బ్రాంకోస్కోపును రూపొందించాడు. దాని గుండా కొంత ఉప్పునీటిని గాలిగదులలోకి పంపి, తిరిగి పీల్చితే, అక్కడి కణాలు కొన్ని కొట్టుకువస్తాయి. అలా తీసిన కణాల, ప్రోటీన్ల విశ్లేషణను అమెరికాలో రెనాల్డ్స్, న్యూబాల్ 1974లో ప్రచురించారు. కణాలు చేతికందాయి కానీ చిక్కు తీరలేదు. సూక్ష్మదర్శినిలో లింఫోసైట్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఏది ఏ పని చేసేదో చెప్పడం ఎలా?

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే లక్ష్యాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలను కావలసినంత తయారుచేసే పద్ధతిని కనిపెట్టారు. వీటితో కణాల పైపొరమీది ప్రోటీన్లను ఒక్కొక్కటిగా గుర్తించడం సాధ్యమైంది. ఆ ప్రోటీన్లే కణాల గుర్తులు. 1982లో పారిస్‌లో జరిగిన సదస్సు వీటికి సీడీ అనే అక్షరాలతో వరుస సంఖ్యలిచ్చే పద్ధతిని స్థిరపరచింది. తోడ్పడే టీ-కణానికి సీడీ4, రోగగ్రస్త కణాలను చంపే టీ-కణానికి సీడీ8 ముఖ్యమైన గుర్తులయ్యాయి.

ఆ పేర్లు స్థిరపడకమునుపే, 1981లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హనింగ్‌హేక్, క్రిస్టల్ ఈ ప్రతిరక్షకాలతో సార్కాయిడోసిస్ రోగుల ఊపిరితిత్తుల కణాలను పరిశీలించారు. వ్యాధి ఉధృతంగా ఉన్నవారి ఊపిరితిత్తులు సహాయక టీ-కణాలతో నిండి ఉన్నాయి! రక్తంలో కనిపించిన లోటు అక్కడ లేదు సరికదా, మితిమీరిన సందడి ఉంది. వీధులు ఖాళీగా ఉన్నాయని ఊరు పాడుబడిందనుకున్నారు. తీరా చూస్తే జనమంతా జాతరలో ఉన్నారు.

ఆ తరువాత సీడీ4, సీడీ8 నిష్పత్తిపై ఆశలు పెరిగాయి. అది 3.5 దాటితే సార్కాయిడోసిస్‌ను గట్టిగా అనుమానించవచ్చు. కానీ రోగులలో సుమారు సగం మందిలోనే అంత నిష్పత్తి కనిపిస్తుంది. బూజుపట్టిన గడ్డివంటి వాటి ధూళివల్ల వచ్చే వ్యాధిలో సీడీ8 కణాలు ఎక్కువని మొదట అన్నారు; తరువాతి పరిశీలనల్లో అదీ అన్నివేళలా నిలవలేదు. కడిగి తీసిన కణాలలో ఈ ఉపజాతుల లెక్కను అందరికీ మామూలుగా చేయనక్కరలేదని 2012లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు చెప్పాయి.

అదే 2012లో మరొక పాఠం వచ్చింది. కారణం తెలియని ఊపిరితిత్తుల మచ్చవ్యాధికి మూలం వాపేనని నమ్మి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఏళ్ళతరబడి ఇస్తూ వచ్చారు. ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చిన ప్రయోగంలో, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారికంటే ఈ మందులు వాడినవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. సగంలోనే ఆ చికిత్సను ఆపేశారు.

కణంమీది గుర్తు అక్కడ ఎవరున్నారో చెబుతుంది. నేరం ఎవరు చేశారో చెప్పదు. ఈ రెండింటికీ గల తేడా తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ జాప్యానికి మూల్యం చెల్లించినది మాత్రం ఊపిరాడని రోగులు.